పరిటాల దగ్గర తెగిన మాట

'అమ్మకి బాగా... లేదు.'

2004 వేసవి. విజయవాడ నుంచి జగ్గయ్యపేట వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ముందురోజు రాత్రి అమ్మను ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చింది. పొద్దున్నే బయల్దేరాను. మూలపాడు దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు. రోడ్డు పనుల దగ్గర బస్సు నత్తనడక నడుస్తోంది. కుడివైపు కొండల వరస. 'అన్నయ్యా...' అన్నాడు. ఆ తర్వాత నా చెవిన పడింది పైన రాసిన మూడు ముక్కలే. 'ఏంట్రా? మళ్లీ చెప్పు' అనేలోగా లైను పోయింది.

తిరిగి చేస్తే కలవలేదు. పరిటాల రాగానే దిగిపోయాను. ఎదురుగా 135 అడుగుల అభయాంజనేయుడు. ఆ విగ్రహం వెలిసి అప్పటికి ఏడాదే. దణ్ణం పెట్టుకునే తీరిక కూడా లేకుండా ఎస్టీడీ బూత్ వెతుక్కున్నాను. చేతులు వణికి రెండుసార్లు నంబరు తప్పు నొక్కాను. మూడోసారి తమ్ముడు దొరికాడు.

'చెప్పాను కదన్నయ్యా! అమ్మకి బాగానే ఉంది, భయమేమీ లేదు అన్నాను. జ్వరం తగ్గింది. ఇడ్లీ కూడా తింది.'

ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడండి. 'అమ్మకి బాగానే ఉంది, భయమేమీ లేదు.' 'అమ్మకి బాగా... లేదు.' వాడు అబద్ధం చెప్పలేదు. నేను తప్పు వినలేదు. ఫోను కొత్త మాటేదీ కలపలేదు. నడుమ ఒక్క సెకను మాయమైంది, అంతే. శుభవార్త కాస్తా చావుకబురైంది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న అదే దారిలో మళ్లీ వెళ్లాను. ఈసారి తొందర లేదు. ఆ రోజు మాట ఎక్కడ పడిపోయింది? మిగతా రోజుల్లో ఎందుకు పడిపోవడం లేదు? ఈ రెండు ప్రశ్నలే నా వెంట ఉన్నాయి. రెండోదానికి జవాబు వెతుకుతూ పోతే పరిటాల నుంచి నందిగామ బడిదాకా, అక్కడి నుంచి జగ్గయ్యపేట బౌద్ధ స్తూపందాకా తీసుకెళ్లింది.

వజ్రాల ఊరు

విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు 30 కిలోమీటర్లు వస్తే పరిటాల. అప్పట్లో ఈ దారి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. అప్పట్లో ఇది కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. అయినా ఇక్కడివాళ్లకు ఇది కృష్ణా మెట్టే. డెల్టాలోలాగా కాలవలు, కొబ్బరిచెట్లు కనిపించవు. పత్తి, మిరప, మామిడి తోటలు, మధ్యమధ్యలో రాతిగుట్టలు.

ఈ నేలకు పాత చరిత్ర ఉంది. గోల్కొండ వజ్రాలని లోకమంతా చెప్పుకున్న వాటిలో కొన్ని ఈ ప్రాంతపు గనుల్లోవే. అందుకే చుట్టూ ఉన్న ఊళ్లు ఆంగ్లేయుల పాలనలోకి వెళ్లినా పరిటాల, దాని పక్కనున్న కొన్ని గ్రామాలు నిజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక నిజాం ఇంకా భారత్‌లో కలవని ఆ రోజుల్లో ఇక్కడి ప్రజలు తమది 'పరిటాల రిపబ్లిక్' అని ప్రకటించుకున్నారు.

మరో ముచ్చట. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ గనుల పేరు 'పార్టియాల్' అని ఉంటుంది. పరిటాల అనే నాలుగక్షరాలు ఒక నోటి నుంచి మరో నోటికి, ఒక చెవి నుంచి మరో కాగితానికి వెళ్లేసరికి అలా తయారయ్యాయి. మాట ప్రయాణంలో చెడిపోవడం సెల్‌ఫోన్లతో మొదలైన జబ్బు కాదన్నమాట.

అల అలను మింగితే

టీకొట్టు బల్లమీద కూర్చుని రోడ్డు చూస్తున్నాను. దూరంగా సెల్ టవరు. అక్కడి నుంచి నా చేతిలోని ఫోనుకు సిగ్నల్ ఒక్క దారిలో రాదు. కొంత నేరుగా వస్తుంది. కొంత కొండకు తగిలి వస్తుంది. కొంత పక్కనుంచి పోయే లారీకి, ఎదుటి మేడ గోడకు తగిలి వస్తుంది. అన్నీ ఒకే సిగ్నల్‌కు నకళ్లే. కానీ నడిచిన దూరాలు వేరు కాబట్టి అన్నీ ఒకే అడుగు మీద చేరవు.

చెరువులో రెండు రాళ్లు వేసి చూడండి. రెండు అలల ఉబ్బులు కలిసినచోట నీళ్లు పైకి లేస్తాయి. ఒకదాని ఉబ్బు, మరోదాని పల్లం కలిసినచోట నీళ్లు కదలనట్టే ఉంటాయి. రేడియో తరంగాలదీ ఇదే తీరు. రెండు నకళ్లు ఎదురుబొదురు తగిలితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. టవరు ఎదురుగానే ఉన్నా ఆ జానెడు చోట సిగ్నల్ సన్నగిల్లిపోతుంది. ఇంజినీర్లు దీన్ని 'ఫేడింగ్' అంటారు.

ఆనాటి ఫోన్లు ఎక్కువగా వాడిన 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే దాదాపు 17 సెంటీమీటర్లు జరిగితే చాలు, ఉబ్బు ఉన్నచోటు నుంచి పల్లంలోకి, అక్కణ్నుంచి మళ్లీ ఉబ్బులోకి వెళ్లిపోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు 22 మీటర్లు పోతుంది. లెక్క వేసుకోండి. ప్రయాణికుడి చెవి దగ్గరి ఫోను సెకనుకు నూటికి పైగా గుంతలు దాటుకుంటూ పోతోందన్నమాట! రోడ్డు ఎంత నున్నగా ఉన్నా గాల్లో మాత్రం గతుకులే.

బస్సు వేగంగా పోతే ఒక్కో గుంతను రెప్పపాటులో దాటేస్తుంది. నిలబడిపోయినా, పాకుతూ పోయినా గుంతలోనే చిక్కుకుంటుంది. పైగా కొండ అడ్డొస్తే నేరుగా వచ్చే సిగ్నల్ కూడా పోతుంది. 2004లో నాకు పట్టింది ఈ రెండో రకం గ్రహచారమే అనుకుంటాను.

ఆశ్చర్యం ఆ రోజు మాట తెగడం కాదు. సెకనుకు వంద గుంతల మీదుగా పోతూ మిగతా రోజుల్లో తెగకపోవడం!

నాలుగు ఊళ్ల ఆట

గుంతలున్నాయని గట్టిగా అరిస్తే సరిపోతుందా? టవరు శక్తిని రెట్టింపు చేసినా, మింగే అలలు కూడా రెట్టింపవుతాయి. గుంత గుంతగానే ఉంటుంది. కిటుకు అరవడంలో లేదు, చెప్పే తీరులో ఉంది.

ఈ దారిలోని నాలుగు ఊళ్లతో ఓ ఆట ఆడదాం. పిల్లల్ని కూడా పిలవండి. మూలపాడు, పరిటాల, నందిగామ, చిల్లకల్లు. ఒక్కోదానికీ నాలుగేసి అక్షరాలు. ఒకదాని కింద ఒకటి రాయండి.

మూ – ల – పా – డు
ప – రి – టా – ల
నం – ది – గా – మ
చి – ల్ల – క – ల్లు

వీటిని మామూలుగా అడ్డంగా చదివి పంపామనుకోండి. దారిలో గుంత వచ్చి వరసగా నాలుగక్షరాలు పడిపోతే ఒక ఊరే గల్లంతవుతుంది. పరిటాల పోయిందనుకుంటే, అవతలివాడికి అక్కడ ఒక ఊరు ఉందని తెలుస్తుందే తప్ప అదేమిటో తెలిసే దారి లేదు.

ఇప్పుడు నిలువుగా చదివి పంపండి: మూ ప నం చి, ల రి ది ల్ల, పా టా గా క, డు ల మ ల్లు. మళ్లీ అదే గుంత. మూడో జట్టు నాలుగక్షరాలూ పోయాయి. అవతలివాడు వచ్చినవాటిని తిరిగి అడ్డంగా పేర్చుకుంటే ఏం కనిపిస్తుంది? మూల_డు. పరి_ల. నంది_మ. చిల్ల_ల్లు. ఈ దారి తెలిసినవాళ్లు ఎవరైనా నాలుగూ పూరించేస్తారు!

పోయిన అక్షరాలు అప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. కానీ నష్టం ఒక్క ఊరి నెత్తిన పడకుండా నాలుగు ఊళ్లూ పంచుకున్నాయి. మగ్గం మీద పడుగూ పేకా అల్లినట్టు మాటను అల్లి పంపడమే ఇది. దీని పేరు ఇంటర్‌లీవింగ్.

మన పాత జీఎస్ఎం ఫోన్లు చేసింది అచ్చం ఇదే. మన గొంతును సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోస్తాయి. ఒక్కో ముక్క 260 బిట్లు, అంటే 260 సున్నాలు, ఒకట్లు. వాటిలో మొదటి 50 చాలా ముఖ్యం, అవి పోతే మాటే అర్థం కాదు. 132 కొంత ముఖ్యం. మిగతా 78 పోయినా కాస్త గరగర తప్ప నష్టం లేదు. అందుకని ముఖ్యమైనవాటికి కాపలాగా అదనపు బిట్లు చేరుస్తాయి. 260 కాస్తా 456 అవుతాయి. ఆ 456ను 57 చొప్పున ఎనిమిది వాటాలు చేసి, ఎనిమిది వేర్వేరు క్షణాల్లో పంపుతాయి. ఒకటీ అరా వాటా గుంతలో పడ్డా మిగతావి కలిసి దాన్ని నిలబెడతాయి.

ఇల్లు కదిలేటప్పుడు అమ్మ నగలన్నీ ఒకే పెట్టెలో పెట్టదు చూడండి, అలాగన్నమాట.

పూరించడం ఎవరు నేర్పారు?

మీరు 'పరి_ల' చూసి పరిటాల అన్నారు. ఎందుకంటే ఊళ్ల పేర్లు మీకు తెలుసు. సున్నాలు, ఒకట్లకు ఊరూ పేరూ లేవు కదా, మరి ఫోను ఎలా పూరిస్తుంది? అందుకే ఆ అదనపు బిట్లు.

కిరాణా కొట్టు పద్దుపుస్తకం గుర్తు తెచ్చుకోండి. అంకెలన్నిటికీ అడ్డంగా ఒక కూడిక, నిలువుగా ఒక కూడిక వేసి ఉంటుంది. ఒక అంకె మీద నూనె చుక్క పడి కనిపించలేదు. ఫర్వాలేదు, ఆ వరస మొత్తంలోంచి మిగతావి తీసేస్తే దొరుకుతుంది. ఒక అంకె తప్పు రాశారు. అడ్డం కూడిక ఒకచోట, నిలువు కూడిక ఒకచోట కుదరవు. ఆ రెండు గీతలూ కలిసినచోటే తప్పు! కూడికలు కొత్త సరుకేమీ చెప్పవు. ఉన్న సరుకుకే సాక్ష్యం చెబుతాయి. తప్పును పట్టడమే కాదు, దిద్దుతాయి కూడా. అందుకే వీటిని దోషాలు సరిదిద్దే సంకేతాలు అంటారు. ఇంగ్లీషు పేరు ఎర్రర్ కరెక్టింగ్ కోడ్స్.

ఈ విద్యకు మొదటి పాఠాలు రాసినవారిలో రిచర్డ్ హామింగ్ ఒకరు. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసేవారు. సెలవు రోజుల్లో ఆయన లెక్కలు పెట్టి వెళితే, యంత్రం తప్పు దొరగ్గానే ఆ లెక్క వదిలేసి ముందుకు పోయేది. 'తప్పుందని కనిపెట్టగలిగినప్పుడు ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా?' అన్న విసుగులోంచి పుట్టిన ఆయన వ్యాసం 1950లో వెలువడింది. అంతకు రెండేళ్ల ముందే, 1948లో, క్లాడ్ షానన్ ఎంత అలజడి ఉన్న దారిలోనైనా ఒక హద్దుకు లోబడి పంపితే తప్పుల్ని కావలసినంత తగ్గించవచ్చని లెక్క కట్టి చూపించారు.

ఈ కథ అమెరికాలోనే మొదలై అక్కడే ముగిసిందని అనుకుంటాం. కానీ ఇందులో నందిగామకూ ఒక వాటా ఉంది.

నందిగామ బడిలో ఒక పిల్లాడు

పరిటాల నుంచి కంచికచర్ల మీదుగా, కీసర దగ్గర మున్నేరు దాటి వెళితే నందిగామ. పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసే తండ్రి వెంట ఊళ్లు తిరుగుతూ ఒక పిల్లాడు ఇక్కడ కొంతకాలం చదువుకున్నాడు. అంతకుముందు గూడూరు, నూజివీడు. తర్వాత విశాఖపట్నం. పదిమంది సంతానంలో ఎనిమిదోవాడు. దేవకీదేవి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కాబట్టి ఆ పేరే పెట్టారు. కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్. రావు.

1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి, నూనెదీపం వెలిగించి చదువుకోమనేవారట. తన పుస్తకం ఒకటి అంకితమిస్తూ ఆ సంగతే తలచుకున్నారాయన. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, యుద్ధకాలంలో సైన్యానికి సంబంధించిన ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. రాకపోవడం మన అదృష్టం! అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941 జనవరి 1న అందులో చేరారు.

1947లో ఆయన ఒక వ్యాసం రాశారు. అది ఫోన్ల గురించి కాదు, ప్రయోగాలను పొదుపుగా ఎలా చేయాలన్నదాని గురించి. మన మెట్ట రైతు భాషలో చెప్పుకుందాం. మిరప వేయాలి. తేల్చుకోవలసిన ప్రశ్నలు ఏడున్నాయి. ఈ విత్తనమా, ఆ విత్తనమా? ఎరువు ఎక్కువా, తక్కువా? సాలు దగ్గరా, ఎడమా? ఇలా ఒక్కోదానికీ రెండేసి జవాబులు. అన్ని కలయికలూ వేసి చూడాలంటే 128 మడులు కావాలి. అంత పొలం ఎవరికుంది? కానీ తెలివిగా ఎంచుకుంటే ఎనిమిది మడులు చాలు. ఏ రెండు ప్రశ్నలు తీసుకున్నా నాలుగు రకాల జోడింపులూ సరిగ్గా రెండేసి మడుల్లో పడేలా పేర్చాలి. ఒకదాని ప్రభావం మరోదానితో పెద్దగా ముడిపడకపోతే, ఏడు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు వస్తుంది. ఇలాంటి పేర్పులకు ఆయన ఇచ్చిన సిద్ధాంతమే ఆర్థోగోనల్ ఎర్రేలు. కనీసం ఎన్ని మడులు కావాలో చెప్పే హద్దు కూడా ఆయనే కట్టారు.

ఇప్పుడు ఆ ఎనిమిది మడుల జాబితాలు పక్కపక్కన పెట్టండి. ఒక్కోదాంట్లో ఏడు జవాబులు. ఏ రెండు జాబితాలు తీసుకున్నా సరిగ్గా నాలుగుచోట్ల తేడాగా ఉంటాయి. ఒక్కసారి పొలం మర్చిపోయి వీటిని ఎనిమిది సందేశాలనుకోండి. దారిలో ఒక గుర్తు తప్పుగా మారినా, అసలు సందేశానికే దగ్గరగా ఉంటుంది. ఏడింటిలో ఏ మూడు చెరిగిపోయినా మిగిలిన నాలుగు గుర్తులతో ఏ సందేశమో చెప్పేయొచ్చు! ఎందుకంటే ఇంకే సందేశంతోనైనా తేడా నాలుగు చోట్ల ఉంది, చెరిగినవి మూడే. రైతుకు మడులు మిగిల్చే పేర్పే ఫోనుకు మాట మిగులుస్తుంది.

ఈ చుట్టరికాన్ని స్పష్టంగా చూపించినవారు కలకత్తాలో రావుగారికి పెద్దవారైన రాజ్‌చంద్ర బోస్. అమెరికా వెళ్లాక 1960లో ఆయన, మరో బెంగాలీ గణితవేత్త డి.కె. రాయ్‌చౌధురి కలిసి బలమైన దోష సవరణ సంకేతాలు కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో హాకెన్‌గెమ్ అంతకు ఏడాది ముందే విడిగా కనిపెట్టడంతో ముగ్గురి పేర్లూ కలిపి బీసీహెచ్ కోడ్స్ అంటారు. 1961లో బోస్ ప్రయోగాల రచనకూ ఈ సంకేతాలకూ ఉన్న సంబంధం మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు. మనలో కొందరు నడుముకు తగిలించుకు తిరిగిన పేజర్లలో బీసీహెచ్ కోడే పనిచేసింది. పరిటాల టీకొట్టులో డబ్బులకు స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్ అట్ట మూల చిరిగి ఉంది, మీద టీ మరక. అయినా ఒక్క క్షణంలో చదివేసింది. అందులోనూ ఈ కుటుంబపు సంకేతాలే ఉన్నాయి.

దారిని కొలిచే అక్షరాలు

రావుగారి వాటా అక్కడితో ఆగలేదు. ఫేడింగ్‌లో ఇంకో చిక్కుంది. సిగ్నల్ ఈ క్షణాన ఎంత సన్నగిల్లిందో, ఎటు తిరిగిందో ఫోనుకు తెలియాలి. అది తెలియకపోతే వచ్చింది సున్నానో ఒకటో తేల్చుకోలేదు. అందుకని జీఎస్ఎంలో పంపే ప్రతి వాటా నడుమ 26 బిట్ల తెలిసిన వరస ఒకటి పెడతారు. సభలో మైకు ముందు 'హలో, వన్, టూ, త్రీ' అంటాం చూడండి, అలాంటిదే. ఏం చెప్పారో ముందే తెలుసు కాబట్టి, ఎలా వినిపించిందో చూసి దారి ఎలా ఉందో అంచనా వేయొచ్చు.

ఆ అంచనా ఎంత సరిగ్గా ఉండగలదు? దానికీ ఒక హద్దుంది. పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకంటే మెరుగ్గా ఉండలేదని చెప్పే ఆ సూత్రం పేరు క్రామర్–రావ్ హద్దు. 1945 నాటిది. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామర్ విడిగా అదే కనుగొన్నారు. క్లాసులో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆ రాత్రే దాన్ని సాధించానని రావుగారు చెప్పేవారు. ఆయనకు అప్పుడు పాతికేళ్లు నిండలేదు! ఇవాళ సెల్‌ఫోన్ దారిని కొలిచే ఏ కొత్త పద్ధతిని కనిపెట్టినా, ఆ హద్దుకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసే మార్కులేస్తారు.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. ఆనాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. యాభై ఏళ్ల కిందట ఆ సూత్రం పుట్టిందీ ఆ నగరంలోనే!

అప్పటి నుంచి సంకేతాలు ఎంతో మారాయి. 1998లో సియావుష్ అలమూటి రెండు యాంటెన్నాల చిట్కా చెప్పారు. రెండు గుర్తుల్ని రెండు యాంటెన్నాల నుంచి పంపి, మరుక్షణం చిన్న మార్పుతో చోట్లు మార్చి మళ్లీ పంపాలి. ఒక యాంటెన్నా దారి గుంతలో ఉన్నా రెండోది గట్టునుంటుందని ఆశ. 1960లలో రాబర్ట్ గాలగర్ రాసిపెట్టిన ఎల్‌డీపీసీ కోడ్స్‌ను మూడు దశాబ్దాలపాటు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అవే ఇప్పుడు 5జీ ఫోన్లలో మన డేటాను కాస్తున్నాయి. పద్ధతులు ఎన్ని మారినా సూత్రం మాత్రం నాలుగు ఊళ్ల ఆటే. చెప్పదలచుకున్నదాన్ని ఒకేచోట, ఒకే క్షణంలో, ఒకే దారిలో పెట్టొద్దు.

రావుగారికి 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. ఆ ఏడాదే ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉంది. నందిగామ బస్టాండులో బడినుంచి వస్తున్న పిల్లలు చేతిలో ఫోను పెట్టుకుని నవ్వుకుంటున్నారు. 'మీ ఊళ్లో చదివినాయన లెక్కలు ఇందులో ఉన్నాయి తెలుసా?' అని అడిగాను. 'నిజంగానా అంకుల్?' అన్నాడొకడు, ఫోను తిప్పి చూస్తూ.

మూడు స్తంభాలు, ఒకే మాట

చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట చేరేసరికి ఎండ తగ్గింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరిట వెలిసిన పేట ఇది. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట. అక్కడ ధనం లేదు. అంతకంటే విలువైన బౌద్ధ స్తూపం బయటపడింది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించారు. ఇక్కడి చక్రవర్తి శిల్పం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

నన్ను ఆపేసింది శాసనం కథ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఆ సంగతి ప్రాకృతంలో రాయించాడు. అలాంటి శాసనాలు మూడు దొరికాయి. మూడింటిలో ఉన్నదీ దాదాపు ఒకే మాట!

ఆయన పుణ్యం కోసమే రాయించి ఉంటాడు. కానీ చూడండి, ఏ ఎండా వానా మూడు రాళ్లనూ ఒకేచోట అరగదీయవు. ఒకదాని మీద చెదిరిన అక్షరాన్ని ఇంకోదాని మీద చూసి పూరించుకోవచ్చు. వేర్వేరు చోట్ల ఒకే మాట. పదిహేడు వందల ఏళ్ల గుంతను దాటి సిద్ధార్థుడి కబురు మనకు చేరింది.

అయితే ఏ సంకేతానికైనా ఓ హద్దుంది. జీఎస్ఎం ఎనిమిది వాటాలూ కలిపి సెకనులో పాతికో వంతు సేపు మాత్రమే విస్తరించి ఉంటాయి. గుంత అంతకంటే పెద్దదైతే అల్లికంతా అందులోనే పడుతుంది. సందేశమైతే ఆలస్యంగానైనా మళ్లీ పంపొచ్చు. మాట ఆగదు కదా! అందుకే కొండ చాటున నా తమ్ముడి సెకను మాటను ఏ లెక్కా కాపాడలేకపోయింది. అలాంటప్పుడు పని మనదే. ఒకటి రెండు అడుగులు పక్కకు జరగండి, గుంత దాటొచ్చు. ముఖ్యమైన కబురైతే పొట్టి వాక్యాల్లో చెప్పండి, రెండుసార్లు చెప్పండి. 'ఏం విన్నావో చెప్పు' అని అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోండి. వీలైతే అదే మాట మెసేజ్‌గా కూడా పంపండి.

ఇంటికి చేరేసరికి అమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. చిన్నప్పుడు మేం ఊరికి బయల్దేరితే 'చేరగానే కబురు చెయ్యి' అని గదిలో ఒకసారి, గుమ్మంలో ఒకసారి, బస్సు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ ఇంకోసారి చెప్పేది. 'ఎన్నిసార్లు చెబుతావమ్మా!' అని విసుక్కునేవాళ్లం. బస్సు హారన్‌లో ఒకటి పోయినా, మా ధ్యాస ఎటో ఉండి ఇంకోటి పోయినా, మూడోది చేరేది.

ఇప్పుడు నా వంతు. దగ్గరికెళ్లి, 'నాకు బాగానే ఉందమ్మా' అన్నాను. వినపడలేదు. పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను. చెయ్యి పట్టుకుని మూడోసారి చెప్పాను.

'ఒకసారి చెబితే చాలదట్రా!' అంది.